పత్తర్‌గట్టీ ముత్యాల దుకాణంలో 'వెరీ', 'టూ': ఒక కేస్ స్టడీ

హైదరాబాద్ పత్తర్‌గట్టీలో ముత్యాలు, వజ్రాల నగలు అమ్మే ఒక దుకాణం. అందులో ఏళ్ల తరబడి కౌంటర్ మీద పనిచేసిన సేల్స్‌మన్‌ని యజమాని ఆన్‌లైన్ ఆర్డర్లకు మార్చాడు. విదేశాల నుంచి వాట్సాప్‌లో, ఈమెయిల్‌లో వచ్చే ఎంక్వైరీలకు జవాబులు రాయడం ఆయన కొత్త పని. సొంతూరు నల్లగొండ జిల్లా, చదివింది తెలుగు మీడియం డిగ్రీ. తెలుగు, హిందీ, ఉర్దూ, అవసరానికి ఇంగ్లిష్ అన్నీ కౌంటర్ మీద గడగడా మాట్లాడతాడు. రాతలోనే ఏదో తేడా కొడుతోందని యజమాని నా దగ్గరికి పంపాడు. ఉద్యోగస్తులకు ఇంగ్లిష్ రాత నేర్పడం నా వృత్తి. ఆయన పేరు, దుకాణం పేరు చెప్పను. ఉదాహరణలు మాత్రం ఆయన ఒప్పుకున్నాకే వాడుతున్నాను.

"గ్రామర్ వీక్ మేడం" అని యజమాని ఫోన్లో చెప్పాడు. పాత మెసేజ్‌లు తెప్పించుకుని చూస్తే టెన్సులు బాగానే ఉన్నాయి. ఆర్టికల్స్ అక్కడక్కడా జారినా అర్థం చెడలేదు. తప్పులన్నీ ఒకే చోట పోగుపడ్డాయి. అది విశేషణానికి ముందు, దాని జోరు పెంచడానికో తగ్గించడానికో మాట పెట్టే చోటు. వెరీ, సో, టూ, రియల్లీ, అబ్సల్యూట్లీ, క్వైట్, రాదర్ లాంటి ఈ మాటల్ని ఇంటెన్సిఫయర్లు అంటారు. స్కూలు పుస్తకాల్లో వీటికి దక్కే చోటు చాలా తక్కువ. అమ్మకంలో మాత్రం డబ్బంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

తెలుపు ఎక్కువైన సెట్

లండన్ నుంచి ఒకావిడ తెల్ల ముత్యాల సెట్ ఫొటో అడిగింది. ఈయన దుకాణంలో ఉన్నవాటిలో మేలైన సెట్ ఫొటో తీసి, కింద 'దిస్ సెట్ ఈజ్ టూ వైట్ మేడం, టూ గుడ్ లస్టర్' అని రాసి పంపాడు. లస్టర్ అంటే మెరుపు. తెలుపు కొంచెం తక్కువగా ఉన్నది ఏదైనా ఉందా అని ఆవిడ అడిగింది. మీగడ రంగు సెట్ చూపించాడు. దాని ధర తక్కువ. ఆవిడ అదే కొనుక్కుంది.

"మంచిది చూపెడితే తక్కువది కొన్నది మేడం. ముత్యాలు తెల్వనోళ్లు" అన్నాడు నాతో.

ఆవిడకు తెలిసే అలా అడిగింది. 'టూ వైట్' అంటే ఆవిడ చెవికి 'మరీ తెల్లగా ఉంది' అని వినిపించింది. అమ్మే మనిషే లోపం ఒప్పుకుంటున్నాడు కాబోలు అనుకుంది. ముత్యాల్ని తెల్లబడేలా బ్లీచ్ చేస్తారని తెలిసినవాళ్లకు ఆ అనుమానం ఇంకా తొందరగా వస్తుంది. అందుకే మర్యాదగా ఇంకోటి చూపించమంది.

ఇది చెప్పాక ఆయన కాసేపు ఫోన్ వంక చూస్తూ కూర్చుని, "గట్లెట్ల మేడం, టూ గుడ్ అంటే మంచిగున్నదనే గదా?" అన్నాడు. హైదరాబాద్‌లో అవును, మంచిగున్నదనే. బిర్యానీ టూ గుడ్, సినిమా టూ గుడ్, నీ షర్ట్ టూ గుడ్. స్నేహితుల మధ్య ఈ వాడుకతో నాకు పేచీ లేదు, మానమని చెప్పలేదు కూడా. ఇంగ్లండ్‌లో కూడా 'యూ ఆర్ టూ కైండ్' అని మర్యాదకు అంటారు, 'నాట్ టూ బ్యాడ్' అంటే ఫరవాలేదని అర్థం. కానీ ఒక వస్తువు రంగు ముందో సైజు ముందో 'టూ' పెడితే, అది ఉండాల్సినదాని కంటే ఎక్కువైందని, దానివల్ల ఏదో ఇబ్బంది ఉందని చెప్పినట్టే. 'టూ హాట్ టు డ్రింక్' అంటే తాగలేనంత వేడి.

దీనికి సూత్రం అక్కర్లేకపోయింది. తెలుగులో 'మరీ' పెట్టి చదువుకోమన్నాను. 'మరీ తెల్లగా ఉంది', 'మరీ పెద్దది' అని గిరాకీతో అంటావా? అనడు గాక అనడు. 'మరీ' నప్పితేనే 'టూ', లేకపోతే 'వెరీ'. రాతలో 'టూ' బెడద దాదాపు దీంతోనే పోయింది.

దానికంటే చాలా

'వెరీ బెటర్ దేన్ అదర్ షాప్స్', 'వెరీ బిగ్గర్ సైజ్ అవైలబుల్'. ఈ తప్పుకు కారణం మన భాష కట్టుబడిలోనే ఉంది. 'పెద్దది' అన్నా, 'దానికంటే పెద్దది' అన్నా తెలుగులో విశేషణం రూపం మారదు. 'చాలా' రెండు చోట్లా ఒకేలా కూర్చుంటుంది. కాబట్టి తెలుగువాడికి ఇక్కడ అనుమానం రావడానికే ఆస్కారం లేదు. ఇంగ్లిష్‌లో 'బిగ్' కాస్తా 'బిగ్గర్' అయిందంటే 'వెరీ' తప్పుకుని 'మచ్', 'ఫార్', 'ఎ లాట్' వస్తాయి. తేడా కొద్దిపాటిదైతే 'స్లైట్లీ', 'ఎ బిట్'. అన్నింటికన్నా మేలైనదైతే 'బై ఫార్ ద బెస్ట్' అనొచ్చు, 'ద వెరీ బెస్ట్' అనొచ్చు.

ఆ చివరిదాంట్లో 'వెరీ' ఉంది కదా అని వెంటనే పట్టుకున్నాడు. ఉంది, కానీ ముందు 'ద' గానీ 'అవర్' లాంటి మాట గానీ లేకుండా అక్కడికి రాదు. ఆయనకు అలవాటైన 'మోస్ట్ బెస్ట్' ఏ రకంగానూ కుదరదు. ఇందులో మెళకువలేమీ లేవు, నోటికి పట్టేదాకా అనిపించడమే. రెండు నగలు బల్ల మీద పెట్టి పోల్చి చెప్పించాను, అంతే.

'వెరీ'ని మింగేసిన మాటలు

అసలు పని మూడో రకం దగ్గర పడింది. 'వెరీ యూనిక్ పీస్', 'వెరీ పర్ఫెక్ట్ రౌండ్', 'వెరీ ఎక్సలెంట్ ఫినిష్', 'వెరీ ఎక్స్‌క్విజిట్ డిజైన్', 'వెరీ వెరీ ఒరిజినల్'. 'ఎక్స్‌క్విజిట్' లాంటి మాట ఎక్కడ దొరికిందని అడిగితే ఫోన్‌లో ఒక పోస్టర్ చూపించాడు. వెరీ టైర్డ్ అనకండి, ఎగ్జాస్టెడ్ అనండి. వెరీ యాంగ్రీ అనకండి, ఫ్యూరియస్ అనండి. వెరీ బ్యూటిఫుల్ అనకండి, ఎక్స్‌క్విజిట్ అనండి. సోషల్ మీడియాలో ఇలాంటివి కొల్లలు. నాకు వీటి మీద సదభిప్రాయం లేదు. మాట చేతిలో పెడతాయి గానీ, ఆ మాట కడుపులోనే 'వెరీ' ఉందని చెప్పవు. చదివినవాళ్లు కొత్త మాట ముందు పాత 'వెరీ'ని యథాతథంగా తగిలించి 'వెరీ ఫ్యూరియస్' రాస్తారు. తమ ఇంగ్లిష్ బాగుపడిందనే అనుకుంటారు.

'వెరీ ఒరిజినల్' దారి వేరు. కౌంటర్ మీద రోజూ వినిపించే మాట 'ఏక్‌దం అస్లీ మోతీ'. అస్లీ ఒరిజినల్ అయింది, ఏక్‌దం వెరీ అయింది. నకలు కాదు అనే అర్థంలో ఒరిజినల్‌కు ఎక్కువ తక్కువలు ఉండవు, వస్తువు అసలుదో నకిలీదో అయి తీరాలి. మరి ఇంగ్లిష్‌వాళ్లు 'వెరీ ఒరిజినల్' అనరా అంటే అంటారు, కొత్త ఆలోచన ఉన్నది అనే అర్థంలో. దండ అసలు ముత్యాలదని ఈయన ప్రమాణం చేస్తుంటే, అవతలివాళ్లు డిజైన్ వినూత్నమని మెచ్చుకుంటున్నాడనుకుంటారు.

వీటన్నింటికంటే నన్ను కంగారుపెట్టింది 'వెరీ నేచురల్ పర్ల్స్'. ముత్యాల వ్యాపారంలో 'నేచురల్' అంటే మనిషి చెయ్యి పడకుండా ఆల్చిప్పలో తనంతట తాను పుట్టినది. పాతకాలపు బస్రా ముత్యాలు అలాంటివి. ఇప్పుడు హైదరాబాద్‌లో అమ్ముడయ్యే వాటిలో ఎక్కువ భాగం చైనాలో మంచినీళ్లలో పెంచినవి, అంటే కల్చర్డ్. అవీ నిజమైన ముత్యాలే, కానీ నేచురల్ కావు, ధరల్లో ఎక్కడా పొంతన ఉండదు. ప్లాస్టిక్ కాదు, నిజమైనవి అని ఈయన ఉద్దేశం. రాతలో మాత్రం అది తప్పుడు హామీ అయి కూర్చుంది. అక్కడ 'వెరీ' తీసేసినా సరిపోదు, విశేషణమే మార్చాలి. 'జెన్యూయిన్ కల్చర్డ్' అని రాయించాను. ఈ ఒక్క మార్పుకు మాత్రం యజమానితో విడిగా మాట్లాడాను.

గోడ మీద చార్ట్

గ్రేడబుల్ (ఎక్కువ తక్కువలు ఉండే విశేషణాలు), నాన్ గ్రేడబుల్ (అవి లేనివి) అనే పాఠం ఆయన అంతకుముందు ఒక కోచింగ్ సెంటర్లో విన్నాడట, జెరాక్స్ కూడా ఉంది. చదివితే అర్థమవుతుంది, రాసేటప్పుడు గుర్తుకు రాదు. అందుకే ఆ కాగితం పక్కన పెట్టి ఆయన దుకాణం గోడ మీదికి వెళ్లాను. అక్కడ వజ్రాల గ్రేడింగ్ చార్ట్ ఉంది. జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా 1950లలో తయారుచేసిన పద్ధతి అది, వజ్రాలు అమ్మేవాళ్లందరికీ కంఠోపాఠం.

వీవీఎస్ అంటే ఏమిటని అడిగాను. "వీవీఎస్ అంటే వీవీఎస్సే మేడం. మంచి క్లారిటీ."

పూర్తి పేరు రాయించాను: వెరీ వెరీ స్లైట్లీ ఇన్‌క్లూడెడ్. దాని కింద వీఎస్, వెరీ స్లైట్లీ ఇన్‌క్లూడెడ్. ఇంకా కింద ఎస్‌ఐ, స్లైట్లీ ఇన్‌క్లూడెడ్. అట్టడుగున వట్టి ఇన్‌క్లూడెడ్. అంటే లోపల మచ్చలున్న రాయి. ఎస్‌ఐలో మచ్చ 10 రెట్ల భూతద్దంలో కనబడిపోతుంది. వీవీఎస్‌లో అదే భూతద్దం పెట్టినా చెయ్యి తిరిగినవాడు కూడా వెతుక్కోవాలి.

పెన్ను అక్కడే ఆపి, "అంటే వెరీ ఎక్కువైనకొద్దీ మచ్చ తక్కువైతది" అన్నాడు.

నాకు కావలసింది ఆయన నోటే వచ్చింది. 'వెరీ' అంటే మెప్పు అనే లెక్కలో ఆయన ఇన్నాళ్లూ రాస్తున్నాడు. దానికి సొంతంగా మంచీ చెడూ లేవు. పక్కనున్న మాట ఎటు వెళ్తుంటే అటే ఇంకాస్త తోస్తుంది. 'స్లైట్లీ' తగ్గించే మాట కాబట్టి 'వెరీ' దాన్ని ఇంకా తగ్గించింది. 'వెరీ పూర్'లో చెడ్డ వైపు తోస్తుంది.

మరి మచ్చే లేని రాయి పేరేమిటి? ఫ్లాలెస్. దాని ముందు 'వెరీ' ఉందా? లేదు. ఎందుకు లేదో నేను చెప్పనక్కర్లేకపోయింది, ఆయనే చార్ట్ పైభాగాన్ని వేలితో కొట్టి చూపించాడు, దాని మీద ఇంకేమీ లేదని. ఇంటర్నల్లీ ఫ్లాలెస్ అనే గ్రేడ్‌లో 'ఇంటర్నల్లీ' కూడా ఇంటెన్సిఫయరే అని ఒక వాదన తెచ్చాడు. కాదు, అది లోపం ఎక్కడ లేదో చెప్తుంది, ఎంత లేదో కాదు. ప్రశ్న మాత్రం మంచిది.

పక్కనే కట్ గ్రేడ్లు, అంటే రాయిని చెక్కిన తీరుకు ఇచ్చేవి, ఉన్నాయి. ఎక్సలెంట్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్. వెరీ గుడ్ కంటే ఎక్సలెంట్ ఒక మెట్టు పైన. 'వెరీ ఎక్సలెంట్' రాస్తే లేని మెట్టు ఎక్కమన్నట్టు. ముత్యాల ఉపరితలానికి కూడా అదే సంస్థ వాడే మాటలు క్లీన్, లైట్లీ స్పాటెడ్, మోడరేట్లీ స్పాటెడ్, హెవిలీ స్పాటెడ్. ఇక్కడ 'వెరీ' ఊసే లేదు. మచ్చలతో జోడు కట్టేవి లైట్లీ, హెవిలీ. పైమెట్టు మాటలకు జోరు కావాలంటే అబ్సల్యూట్లీ, కంప్లీట్లీ, ట్రూలీ ఉన్నాయి. కొంచెం తగ్గించి నిజం చెప్పాలంటే ఆల్మోస్ట్, నియర్లీ ఉన్నాయి. 'రియల్లీ' రెండు రకాల ముందూ నిలబడుతుంది కాబట్టి, ఎటూ తేలనప్పుడు అదే రాయమన్నాను.

'వెరీ యూనిక్' సంగతి కొంచెం తిరకాసు. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లూ ఆ మాట అంటారు, కాబట్టి లోకంలో లేని తప్పేమీ కాదు. కానీ నగ వివరంలో అది చదివితే అమ్మకందారు ఊదరగొడుతున్నాడనిపిస్తుంది. మాటల్లో ఊరుకున్నా వివరాల్లోంచి తీయించాను.

తెలుగు చెవి

ఆయనకు ఇంకా ఒక మూల అనుమానంగానే ఉంది, 'వెరీ పర్ఫెక్ట్' అంటే ఏం కొంప మునుగుతుందని. అందుకని కొన్ని తెలుగు మాటలు చదివించాను. 'చాలా చిమ్మచీకటి'. నవ్వాడు. 'చాలా పట్టపగలు'. 'చాలా సరికొత్త ఫోన్'. పదో తరగతిలో ద్విరుక్తటకార సంధి కింద బట్టీపట్టిన పట్టపగలు, మొట్టమొదట, చిట్టచివర, నట్టనడుమ అన్నీ ఇంటెన్సిఫయర్ లోపల కట్టుకుని వచ్చిన మాటలే. వాటి ముందు 'చాలా' పెట్టకూడదని మనకు ఎవరూ నేర్పలేదు, అయినా పెట్టం. ఇంగ్లిష్‌లో 'పిచ్ డార్క్', 'బ్రాండ్ న్యూ', 'వైడ్ అవేక్' అదే బాపతు.

ఏ మాటకు ఏ జోడు అన్నది కూడా అక్కడే తేలింది. కటిక చీకటి అంటాం, కటిక పేదవాడు అంటాం, కటిక ధనవంతుడు అనం. అలాగే 'బిటర్లీ కోల్డ్' ఉంది, 'బిటర్లీ హాట్' లేదు. 'హైలీ పాలిష్డ్' ఉంది, 'హైలీ షైనీ' చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇవి జంటలుగానే నేర్చుకోవాలి. ఆయన వ్యాపారానికి పనికొచ్చే జంటలే ఒక పుస్తకంలో రాసుకోమన్నాను, మొత్తం నిఘంటువు మనకెందుకు?

తెలుగు అన్నిచోట్లా సాయం చేయదు. 'స్మాల్ స్మాల్ పర్ల్స్' అని రాసేవాడు. మన 'చిన్న చిన్న ముత్యాలు'లో రెట్టింపు చిన్నదనాన్ని పెంచడం కంటే అలాంటివి చాలా ఉన్నాయని చెప్పడమే ఎక్కువ. ఇంగ్లిష్‌లో ఆ రెట్టింపు పనిచేయదు. అక్కడ ఇంటెన్సిఫయర్ కూడా అక్కర్లేదు, వ్యాపారంలో మాట సిద్ధంగా ఉంది. 2 మిల్లీమీటర్ల లోపువి సీడ్ పర్ల్స్.

తిరగరాసిన మెసేజ్

పాతది ఇలా ఉండేది: 'హాయ్ మేడం, వెరీ వెరీ ఒరిజినల్ పర్ల్స్, వెరీ పర్ఫెక్ట్ రౌండ్, టూ గుడ్ లస్టర్, వెరీ బెటర్ దేన్ మార్కెట్ క్వాలిటీ.'

నేను పెట్టిన షరతు ఒకటే. కొలత ఉన్నచోట కొలత రాయాలి, మెసేజ్ మొత్తానికి ఒక్క ఇంటెన్సిఫయర్, అదీ గిరాకీ ఎదురు ప్రశ్న వేస్తే నిలబెట్టుకోగలిగిన చోటే. దండ తీసి కొలిచాడు, 8 మిల్లీమీటర్లు. గుండ్రం సంగతి అడిగితే ముత్యాన్ని బల్ల మీద దొర్లించి చూసి, "రౌండ్ అనరాదు మేడం, నియర్ రౌండ్" అన్నాడు. అది ఆయనకు ముందే తెలుసు, 'వెరీ పర్ఫెక్ట్' అని చెయ్యి తిరిగిపోయింది అంతే. చివరికి తయారైంది ఇది: 'దీజ్ ఆర్ జెన్యూయిన్ కల్చర్డ్ ఫ్రెష్‌వాటర్ పర్ల్స్, 8 మిల్లీమీటర్స్, నియర్ రౌండ్, విత్ రిమార్కబ్లీ గుడ్ లస్టర్.' మెరుపు ఆ దండకు నిజంగానే ఉంది, అందుకని ఆ ఒక్క 'రిమార్కబ్లీ' అక్కడ ఖర్చుపెట్టాడు.

యజమానికి నచ్చలేదు. "చప్పగున్నది. సరుకు మీద ప్రేమ లేనట్టు రాసిండు" అన్నాడట. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. కౌంటర్ మీద గొంతు, చేతులు, చాయ్ గ్లాసు, నల్ల మఖ్మల్ గుడ్డ మీద ముత్యాలు పరచడం, అన్నీ కలిసి అమ్ముతాయి. రాతలో అవేవీ లేవు కాబట్టి ఆ వేడి అంతా 'వెరీ' మీద పడుతుంది. నేను ఒప్పుకున్నది ఇంతవరకే: పలకరింపులో, కృతజ్ఞతలు చెప్పేచోట 'సో హ్యాపీ', 'వెరీ గ్లాడ్' ఎన్నైనా పెట్టుకోవచ్చు, వస్తువు వివరంలో మాత్రం ఒకటే. 22 క్యారట్ల బంగారానికి 'వెరీ ప్యూర్' అనకుండా 916 అని రాయడానికి యజమానికి అభ్యంతరం లేకపోయింది, ఆ అంకె ఆయనకూ ఇష్టమే.

ఇప్పటి పరిస్థితి చెప్పాలంటే, రాతలో 'టూ' కుదుటపడింది. 'మచ్ బెటర్' రాతలో వస్తోంది, వీడియో కాల్‌లో తొందరపడితే మళ్లీ 'వెరీ బెటర్' దొర్లుతుంది. కౌంటర్ మీద టూరిస్టులతో 'వెరీ వెరీ గుడ్ మేడం' మామూలుగానే నడుస్తోంది, దాని జోలికి నేను వెళ్లలేదు. అమ్మకాలు దీనివల్ల పెరిగాయా అని యజమాని అడిగితే, ధర, సీజన్, డాలర్ అన్నీ కలిసే చోట ఆ ఘనత నా ఖాతాలో వేసుకోనన్నాను.

ఇంకా నడుస్తున్న పని

రాయడం కొంత చక్కబడ్డాక చదవడంలో లోటు బయటపడింది. ఇంగ్లండ్ నుంచే ఇంకో గిరాకీ 'ఇట్స్ క్వైట్ నైస్, థాంక్యూ' అని రాసింది. ఆర్డర్ వచ్చేసినట్టేనని ఈయన సెట్ విడిగా తీసిపెట్టాడు. ఆవిడ మళ్లీ రాయలేదు. బ్రిటిష్‌వాళ్ల 'క్వైట్ నైస్' చాలావరకు 'ఫరవాలేదు' స్థాయి మాట. అదే 'క్వైట్' అమెరికా నుంచి వస్తే 'బాగానే నచ్చింది' వైపు మొగ్గుతుంది. 'క్వైట్ పర్ఫెక్ట్', 'క్వైట్ ఇంపాజిబుల్' అంటే మాత్రం పూర్తిగా అని అర్థం, ఎందుకంటే పక్కనున్నది పైమెట్టు మాట. చార్ట్ పాఠం ఇక్కడ మళ్లీ పనికొచ్చింది.

'రాదర్' కూడా అలాంటిదే. 'ఫెయిర్లీ స్మాల్' అంటే సైజు చెప్తున్నారు, 'రాదర్ స్మాల్' అంటే అంత చిన్నది అనుకోలేదని పెదవి విరుస్తున్నారు. 'ఎ బిట్ ఎక్స్‌పెన్సివ్' అన్నప్పుడు 'కొంచెమే కదా ఎక్కువ' అని ఈయన ధర మీద గట్టిగా నిలబడేవాడు. అది కొంచెం కాదు, నాకు కుదరదు అని మర్యాదగా చెప్పడం. అక్కడ తగ్గింపు మాట్లాడాలి, లేదా ఇంకో సెట్ చూపించాలి. బేరంలో పండిపోయిన మనిషి కాబట్టి ఇది చెప్పగానే ఎక్కింది. "మనోళ్లు జర ఎక్కువున్నది అంటరు గదా, గట్లనే" అన్నాడు.

'క్వైట్' మాత్రం ఇంకా తేలలేదు. ఎంక్వైరీ ఏ దేశం నుంచి వచ్చిందో ముందు నంబర్ చూసుకుని, ఆ తర్వాత ఆ మాట చదవడం అలవాటు చేసుకుంటున్నాడు. ఈ మధ్య తనూ 'క్వైట్ గుడ్ లస్టర్' అని రాయడం మొదలుపెట్టాడు. ఆ మాట చదవడానికే ఉంచుకోమని, రాయొద్దని చెప్పాను.